జాలరి బొమ్మ బిళ్ళ

ఓడ ఇంకా రాలేదు. పొద్దున్న ఆరింటికి లోపలికి రావలసిన పోలండు ఓడ తొమ్మిదైనా డాల్ఫిన్ నోస్ కొండ అవతలే నిలబడి ఉంది. నీలకంఠం జెట్టీ అంచున ఇనుప గుంజకు ఆనుకుని కూర్చున్నవాడు, ఊరికే లేచి అటు చూసి మళ్ళీ కూర్చుంటున్నాడు. ఓడలొస్తే తాళ్ళందుకుని గుంజలకు తగిలించడం, పోయేటప్పుడు విప్పడం అతని ఉద్యోగం. ఈ పంతొమ్మిదేళ్ళలో ఏ ఓడ కోసమూ ఇంత ఆత్రపడలేదు.

పొట్టి మనిషి. నలభై ఆరేళ్ళుంటాయి. అరచేతుల్లో తాళ్ళు ఒరుసుకుపోయిన చారలు. ఎవరైనా పలకరిస్తే ముఖంలోకి చూడడు, వాళ్ళ చొక్కా మొదటి బొత్తాం వైపు చూస్తూ జవాబు చెబుతాడు. గ్యాంగులో అందరూ ఒకచోట క్యారేజీలు విప్పితే అతను గొడౌను నీడన విడిగా తింటాడు. తిన్నాక జేబులోంచి ఏదో పరదేశపు నాణెపు బిళ్ళ తీసి తిప్పి తిప్పి చూసుకుంటాడు.

పొద్దున్న క్యారేజీ చేతికిస్తూ పెళ్ళాం గౌరీశ్వరి అంది. "సలమయ్యని సూడ్డానికి ఆసుపత్రికెల్తానని మూడు వారాలనుంచి సెప్తన్నావు. ఎల్లవు. ఆ బిళ్ళలే నిన్ను పాడుసేసినాయి. మనుషులక్కర్లేదు నీకు."

ఆ మాట అప్పటినుంచీ గుచ్చుకుంటూనే ఉంది. నిజమేనా? చిన్నప్పుడు బళ్ళో హాజరు పిలిస్తే పలకలేక చెయ్యి మాత్రం ఎత్తేవాడు. పెళ్ళిలో గుమ్మం దగ్గర ఆడవాళ్ళు అడ్డం నిలబడి పెళ్ళాం పేరు చెప్పమంటే, వాళ్ళే విసిగి పక్కకు తప్పుకునేదాకా చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. అప్పటికి అతని దగ్గర ఒక్క బిళ్ళ లేదు. తప్పు బిళ్ళలది కాదు. కానీ ఇంట్లోకి బిళ్ళలు దాచే ఆ బిస్కెట్ల రేకు డబ్బా వచ్చాక, నోరు విప్పి చూద్దామన్న ప్రయత్నం కూడా మానేశాడు. అదీ నిజమే.

మనిషన్నవాడు అతనికి ఒక్క చలమయ్యే. జాలరిపేట మనిషి, ఫిషింగ్ హార్బరులో వలలు బాగుచేస్తాడు. ఎనిమిదేళ్ళ క్రితం టీ బడ్డీ దగ్గర నీలకంఠం చేతిలోంచి జారిన బిళ్ళ దొర్లుకుంటూ వెళ్ళి అతని వల మీద పడింది. "ఇది డెన్మార్కుది బావా," అన్నాడు చలమయ్య, చూసీ చూడగానే. అతనికీ అదే పిచ్చి. ఆనాటినుంచి ప్రతి ఆదివారం నీలకంఠం వెళ్ళి ఆ వలల గుట్ట పక్కన కూర్చునేవాడు. మధ్యలో గుడ్డ పరిచి దాని మీద బిళ్ళలు పోసుకుని, వాటి మీది మాటలే మాట్లాడుకుని లేచి వచ్చేవాడు.

ఒకసారి చలమయ్య అన్నాడు. "అన్నిటి మీదా రాజులే, రాణులే. పోలండోళ్ళు మాత్రం వల లాగే జాలరి బొమ్మేసినారంట. అదొక్కటి సూడాల."

ఆసుపత్రిలో ఉన్న మనిషి దగ్గరికి చేతిలో ఆ జాలరి బిళ్ళ లేకుండా వెళ్ళి ఏం మాట్లాడాలి? ఆ భయంతోనే మూడు వారాలు గడిచిపోయాయి. రెండుసార్లు పెద్దాసుపత్రి గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు కూడా. గుండె జబ్బనీ, కాళ్ళకు నీరు దిగిందనీ హార్బరులో ఎవరో అన్నారు. రోగుల్ని చూడనిచ్చేది నాలుగునుంచి ఆరుదాకా.

ఓడ రెండున్నరకు గానీ జెట్టీకి రాలేదు. తాళ్ళు బిగించేసరికి మూడు దాటింది. మెట్లు దించగానే ఎర్ర గడ్డం నావికుడొకడు కిందికి దిగి సిగరెట్టు వెలిగించాడు. నీలకంఠం అతని ఎదుట నిలబడి తన దగ్గరున్న బిళ్ళొకటి చూపించాడు. "పోలండ్... కాయిన్..." అన్నాడు. నావికుడు జేబులోంచి ఓ గుప్పెడు చిల్లర తీసి చాపాడు. అందులో జాలరి లేడు. నీలకంఠం తల అడ్డంగా ఊపాడు. ఎలా చెప్పాలి?

గ్యాంగంతా అక్కడే ఉంది. మేస్త్రీ పోలిరాజు చూస్తున్నాడు. నీలకంఠం ఒక్క క్షణం తటపటాయించి, మోకాళ్ళు వంచి, నడుం వెనక్కి వాల్చి, లేని వలను రెండు చేతులతో బలంగా లాగసాగాడు. లాగి లాగి భుజాన వేసుకున్నాడు. చెవులు కాలిపోతున్నాయి. వెనక గ్యాంగు ఘొల్లున నవ్వింది.

"ఏటి బావా, ఏటి సేత్తన్నావు!" అని పోలిరాజు కేకేశాడు.

నీలకంఠం ఆగలేదు. ఇంకోసారి లాగాడు. ఎర్ర గడ్డం వాడు పకపకా నవ్వి, మెట్లెక్కి పరిగెత్తి, కాసేపటికి పెద్ద అల్యూమినియం బిళ్ళతో తిరిగొచ్చాడు. దాని మీద నిజంగానే వల లాగుతున్న జాలరి ఉన్నాడు.

ఆసుపత్రి చేరేసరికి ఐదు దాటింది. వార్డులో మంచాల మధ్య తడబడుతూ వెతుకుతుంటే ఒకావిడ లేచి ఎదురొచ్చింది. ముక్కుకు రెండు పక్కలా పుడకలు, పిడికెడంత జుట్టు.

"నీలకంఠానివి కాదూ? సేతిలో బిళ్ళ సూసి పోల్చినాను. నాను తాయారుని, ఆయన పెళ్ళాన్ని. రోజూ నీ మాటే. ఆదోరం వొచ్చిందంటే గుమ్మం కాసే సూపు."

చలమయ్య మూడు తలగడలకు ఆనుకుని ఉన్నాడు. ముఖం ఉబ్బి, పెదాలు నల్లబడి, ఊపిరి ఈలలా వస్తోంది. నీలకంఠం బిళ్ళ అతని చేతిలో పెట్టాడు. చలమయ్య దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని, కనిపించక బొటనవేలితో తడిమాడు.

"జాలరే?"

"జాలరే బావా."

"ఇన్నాళ్ళూ రానేదేటి?"

"బిళ్ళ దొరకలేదు."

చలమయ్య బిళ్ళను పిడికిట్లో మూసి అతన్ని చూశాడు. "బిళ్ళ కోసమేటి నాను సూసింది?" అన్నాడు.

నీలకంఠం కళ్ళు అలవాటుగా చొక్కా బొత్తాం కోసం వెతికాయి. చలమయ్య ఒంటి మీద చొక్కా లేదు. తలెత్తి ముఖంలోకి చూడక తప్పలేదు.

"బావా, నీకు పిల్లలెంతమంది?"

చలమయ్య నవ్వబోతే దగ్గొచ్చింది. "ఎనిమిదేళ్ళకి అడిగినావు. ఒక్కతే ఆడపిల్ల. భీమిలీలో ఇచ్చినాం. నాకు మాటాడితే ఆయాసమొత్తంది. నువ్వు సెప్పు. మీది ఏ ఊరు?"

"పరవాడ పక్కన పల్లె." అంతటితో ఆగిపోతాననుకున్నాడు. ఆగలేదు. తాత ఊరు పరవాడ పక్కనా, తండ్రి స్థిరపడింది గాజువాక అవతలా అని చెప్పాడు. తండ్రి భూమి ఉక్కు ఫ్యాక్టరీ కింద పోవడం, కాగితం మీద వేలిముద్ర వేసిన రోజు తండ్రి అన్నం తినకపోవడం, మామిడి చెట్లను యంత్రం తోసేస్తుంటే తాను దూరంగా నిలబడి లెక్కపెట్టడం చెప్పాడు. గౌరీశ్వరి పేరు పలకడానికి పెళ్ళినాడు చెమటలు పట్టిన సంగతి చెబితే తాయారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇందాక జెట్టీ మీద వల లాగినట్టు ఆడిన సంగతి కూడా చెప్పాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తోంది. ఇంత పొడుగు మాటలు ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. చలమయ్య కళ్ళు మూసుకుని వింటున్నాడు. పెదవుల చివర నవ్వుంది.

"ఇంటన్నావా బావా?" అన్నాడు నీలకంఠం.

ఈల వినిపించడం లేదు. ఎప్పుడాగిందో అతనికి తెలియలేదు. తాయారు ముందుకు వంగి భర్త ఛాతీ మీద చెయ్యి వేసి, అలాగే ఉండిపోయింది.

"మాటాడు నాయనా," అంది. "ఇంకాసేపు మాటాడు."

నీలకంఠం ఇంకోసారి బావా అని పిలిచి లేచాడు. వెళ్ళి నర్సును పిలుచుకొచ్చాడు. భీమిలీకి కబురు పంపడానికి కూతురి అత్తవారి పేరడిగి తెలుసుకున్నాడు. పక్క మంచాల వాళ్ళను సాయం పిలిచి, తలవైపు తనే పట్టుకుని చలమయ్యను స్ట్రెచ్చరు మీదికి చేర్చాడు. బిళ్ళ ఉన్న అతని పిడికిలి విప్పవద్దని తాయారు చెప్పింది. ఆమె స్ట్రెచ్చరు వెంట వరండాలోకి వెళ్ళింది.

ఆమె సంచీ సర్ది తెద్దామని నీలకంఠం మంచం దగ్గరికి తిరిగొచ్చాడు. చెంబు, గ్లాసు, తువ్వాలు సంచీలో వేసి, ఇంకేమైనా ఉందేమోనని వంగి చూశాడు. వలల దగ్గర చలమయ్య ఎప్పుడూ కూర్చునే ఉండేవాడు. తను వెళ్ళేటప్పటికీ కూర్చునే ఉండేవాడు, వచ్చేసేటప్పటికీ కూర్చునే ఉండేవాడు. సముద్రం మీదికి ఎందుకెళ్ళవని ఏనాడూ అడగలేదు.

మంచం కింద టైరు చెప్పులు జతగా ఉన్నాయి. కుడిది మామూలుగా అరిగింది, ఎడమది మాత్రం ఒక్క పక్కనే, ఈడ్చి ఈడ్చి, వేలు దూరేంతగా అరిగిపోయింది.