గేటు దగ్గర ఎస్తేరమ్మ

ఇటు దగ్గరికి జరుగు బిడ్డా, ఫ్యాను చప్పుడులో నా మాట నీకు అందదు, చెవి ఇటు పెట్టు, పిల్లల క్యాంపులో ఆయాగా ఉన్న ఆ ఎస్తేరమ్మ చేతుల్లో ఏం మందు ఉందో ఏమో అని లసుమవ్వ రోడ్డు మీద నడుస్తూ అనుకున్న మాట దగ్గరే మొదలుపెడతాను, ఏం మందు ఉందో ఏమో, లేకుంటే నా చంకలో పెరిగిన మనుమరాలు, నా కొంగు చివర నోట్లో పెట్టుకుంటే తప్ప కన్ను మూయని పిల్ల, క్యాంపుకు తోలిన మొదటి రోజే ఆ గేటు దగ్గర నా వేలు విడిచిపెట్టి వెనక్కి కూడా చూడకుండా పోతుందా, పోయింది కదా, నా కళ్ల ముందే పోయింది, నేను గేటు బయట ఎండలో నిలబడి భూమికా భూమికా అని రెండుసార్లు పిలిస్తే చెయ్యి ఊపింది, చెయ్యి ఊపడం ఎవరికి కావాలి, ఏడుస్తుందనుకున్నాను, ఏడిస్తే ఎత్తుకుని ఇంటికి తెచ్చుకుందామని మనసులో ఒక మూల సిద్ధంగా కూడా ఉన్నాను, ఆ ఎస్తేరమ్మ గొంతుక్కూర్చుని పిల్ల ముఖానికి తన ముఖం ఎదురుగా పెట్టి, వచ్చినవా బంగారం, నీ కోసమే చూస్తున్న అన్నది, అంతే, ఆ ఒక్క మాటకు పిల్ల కరిగిపోయింది, ఎవరి కోసం చూస్తున్నావమ్మా నువ్వు, అంతకు ముందు దాన్ని ఎప్పుడన్నా చూశావా, వచ్చిన ప్రతి పిల్లకూ అదే మాట అంటున్నావు, నేను విన్నాను, వరసగా విన్నాను.

పసుపు బస్తాల లారీ ఒకటి మార్కెట్ వైపు మలుపు తిరుగుతుంటే రోడ్డంతా పచ్చటి దుమ్ము లేచింది, లసుమవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, తుమ్ము వచ్చింది, తుమ్ములోనూ ఎస్తేరమ్మే గుర్తొచ్చింది, భూమిక తుమ్మితే చల్లగ బతుకు అని ఎస్తేరవ్వ అంటుందట, నేను పుట్టినప్పటి నుంచీ అంటూనే ఉన్నాను కదే, నేను అన్నది మాత్రం నీకు వినపడలేదా, మొన్న రాత్రి నక్క కథ మొదలుపెడితే అట్ల కాదవ్వా, ఎస్తేరవ్వ నక్క మంచిది, అది కోడిపిల్లను ఇంటికాడ దింపి వస్తది అన్నది, కోడిపిల్లను ఇంటి దగ్గర దింపే నక్క ఏ అడవిలో ఉంటుంది, అయినా నోరు మూసుకున్నాను, బీరకాయ కూర ముట్టని పిల్ల అక్కడ గిన్నె నాకి వస్తుందట, తినే ముందు కళ్లు మూసుకుని చేతులు జోడిస్తుంది, అది సరే, దేవుడు ఎవరికైనా దేవుడే, దానికి నేను ఏమీ అనలేదు, కానీ నిన్న సర్వపిండి చేసి పెనం మీది నుంచి తీయగానే, ఉడుకుడుకు ముక్క దాని చేతిలో పెట్టగానే, ఏమన్నదో తెలుసా, గిది ఎస్తేరవ్వకు తీసి పెట్టు అవ్వా అన్నది, మొదటి ముక్క, నా పెనం, నా పిండి, నా మోకాళ్ల నొప్పి, ముక్క మాత్రం ఎస్తేరవ్వకు, లసుమవ్వ ఆ ముక్కను డబ్బాలో పెట్టినట్టే పెట్టి, పిల్ల పడుకున్నాక తనే తినేసింది, మింగుడు పడలేదు, అయినా తిన్నది.

ఇప్పుడీ నడక ఎందుకంటే, ఈ రోజు కోడలు శ్యామల ఫోన్ చేసింది, ఆమె విత్తనాల దుకాణంలో పని చేస్తుంది, వానకాలం సరుకు దిగుతున్నదట, అత్తమ్మా జర నువ్వు పోయి భూమికను తోల్కరా, నేను క్యాంపోళ్లకు చెప్పిన, మా అత్తమ్మ వస్తది అని, ఫికర్ లేదు అన్నది, వెనుక నుంచి ఎవరో పిలిస్తే ఉండు అని ఫోన్ పెట్టేసింది, లసుమవ్వ వెంటనే ముఖం కడుక్కుంది, మంచి చీర కట్టుకుంది, పిల్లను తీసుకురావడానికి మంచి చీర ఎందుకో ఆమెకే తెలుసు, ఆ గేటు దగ్గర ఈ రోజు అందరూ చూడాలి, ఎవరి పిల్లో, ఎవరిని చూసి పరుగెత్తి వస్తుందో, ఎస్తేరమ్మ కూడా చూడాలి, ముఖ్యంగా ఎస్తేరమ్మ.

చర్చి వెనుక బడి, వేసవి సెలవుల్లో బడి ఖాళీ కాబట్టి పగటి క్యాంపు అక్కడే, పిల్లలు వరండాలో చాపల మీద కూర్చుని ఉన్నారు, గేటు సగమే తెరిచి ఉంది, తెరిచిన సగానికి ఎస్తేరమ్మే అడ్డం, నీలం చీర, నుదురంతా చెమట, వెనుక గుట్ట రాళ్ల మీది వేడి గాలి ఆమె మీదే కొడుతున్నా కదలదు, తల్లో తండ్రో ముందుకు వస్తే పిల్ల తండ్రి పేరు అడుగుతుంది, పిల్లను పేరు పెట్టి పిలిచి ఎవరొచ్చిండ్రు బంగారం అని పిల్లనూ అడుగుతుంది, రెండూ కలిశాకే పిల్ల చేతిని తన చేతిలోంచి వాళ్ల చేతిలో పెడుతుంది, మధ్యలో చెయ్యి గాలిలో ఉండదు, వీధి చివరి చాయ్ హోటల్ బాబురావు వచ్చాడు, తమ్ముడి కొడుకును తీసుకుపోతానన్నాడు, వాళ్లమ్మ నాకు చెప్పలె అన్నా అన్నది ఎస్తేరమ్మ, నేనెవరో నీకు తెల్వదా, రోజూ నీకు చాయ్ పోసేది ఎవరు అన్నాడు అతను, చాయ్ పోసినవ్ గదా, నువ్వు చాయ్ అడుగు, కాచి పోస్త, పిల్లగాన్ని మాత్రం వాళ్లమ్మ ఫోన్ చేసినంకనే, అన్నది, వరసలో నవ్వు లేచింది, బాబురావు ఫోన్ తీసి మరదలికి కలుపుకుంటూ పక్కకు జరిగాడు, లసుమవ్వ నవ్వలేదు, అబ్బో ఏం పొగరు, పిల్లలందరినీ ఆమే కన్నట్టు, అనుకున్నది.

వెనుక నిలబడిన ఎంకవ్వ, పక్క వాడకట్టు మనిషి, లసుమవ్వ చెవిలో చెప్పింది, అట్లనే ఉండాలె వదినా, మా అక్క ఊర్ల ఒక పిల్ల తెలిసినాయనతోనే పోయిందట, మక్క చేను కాడికి తోల్కపోయిండట, తల్లి పొద్దుగూకే దాకా బాయిలన్నీ తొంగి చూసుకుంట తిరిగింది, పిల్ల దొరికింది అనుకో, కానీ ఆ తల్లి గొంతు మల్ల రాలేదు, అన్నది, లసుమవ్వ విన్నది, విననట్టే ఉంది, తన వంతు వచ్చింది కాబట్టి, వరండాలో భూమిక లేచి నిలబడింది, అవ్వా అన్నది, పిలిచింది కదా, అందరూ విన్నారా, లసుమవ్వ గుండె కుంకుడు నురగలా పొంగింది, చెయ్యి చాచింది, ఎస్తేరమ్మ భూమిక చెయ్యి పట్టుకుని గేటు దాకా తెచ్చి, అక్కడ ఆగి, పిల్ల తండ్రి పేరు చెప్పు అక్కా అన్నది.

తండ్రి పేరు, ఎంత చిన్న మాట, లసుమవ్వ ఎట్లా చెప్పాలి, కొడుకు పుట్టినప్పుడు పెద్దలు కొడుక్కు వాళ్ల తాత పేరు పెట్టారు, అంటే లసుమవ్వ మామ పేరు, మామ పేరు కోడలి నోట రాకూడదు, ఆ మామ కాలం చేసి ఎన్నేళ్లయినా రాకూడదు, అందుకే కన్న కొడుకును కూడా ఒక్కసారి పేరు పెట్టి పిలవలేదు, పెద్దోడా అనే పిలిచింది, జ్వరం వచ్చి కళ్లు తేలేసిన నాడు కూడా పెద్దోడా పెద్దోడా అనే ఏడ్చింది, రేషన్ దుకాణంలో, దవాఖానలో, ఓటు వేసే చోట ఎవరైనా అడిగితే పక్కనున్న వాళ్లను చెప్పవే అంటే వాళ్లు చెప్పేవాళ్లు, పేరు ఊరంతటిదీ అయింది, ఆమెది మాత్రం కాలేదు, శ్యామల వచ్చిన వారానికే వంటింట్లోంచి అతన్ని పేరు పెట్టి పిలిచింది, ఎంత సులువుగా పిలిచింది, ఆ రోజు లసుమవ్వ పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది, అడిగితే చూపు ఆనలేదన్నది.

నా పెద్ద కొడుకు అన్నది లసుమవ్వ, ఎస్తేరమ్మ తల ఊపింది, పేరు అన్నది, పసుపు బస్తాల డీసీఎం బండి తోలుతడు, నిజామాబాద్ మార్కెట్‌కు అన్నది, పేరు అక్కా అన్నది, లసుమవ్వ అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి ఎంకవ్వను చూసి, జర నువ్వు చెప్పవే అన్నది, ఎంకవ్వ నోరు తెరిచే లోపల ఎస్తేరమ్మ అరచెయ్యి అడ్డం పెట్టింది, నువ్వొద్దు ఎంకవ్వా, పక్కోళ్లు చెప్తే పిల్లను పక్కోళ్లకే ఇయ్యాలె అన్నది, వరసలో మళ్లీ నవ్వు, ఈసారి నవ్వు తన మీదే, మంచి చీర మీద, లసుమవ్వ కడుపులో మంట లేచింది, నేనెవరో నీకు ఎర్క లేదా చెల్లే, మొదటి రోజు పిల్లను నీ చేతుల పెట్టింది నేనే గదా అన్నది, ఎస్తేరమ్మ గొంతు పెంచలేదు, ఎర్కనే అక్కా, గీడ నిలబడ్డ అందరు నాకు ఎర్కే, ఉత్త ఎర్క మీద పిల్లల్ని ఇయ్య, అన్నది.

భూమిక ఇటు గుంజుతోంది, నిజంగానే గుంజుతోంది, అవ్వా రా అని ఒంటి కాలి మీద ఒరిగి తన వైపే గుంజుతోంది, మూడు వారాలుగా లసుమవ్వ చూడాలనుకున్నది ఇదే, నలుగురి ముందు పిల్ల ఆ చెయ్యి విడిపించుకుని తన దగ్గరికి రావాలని, ఇప్పుడు పిల్ల గుంజుతున్నా ఆ చెయ్యి విడవడం లేదు, పిల్లకు నొప్పి కాకుండా ఎంత పట్టాలో అంతే పట్టుకుంది, విడవమని చెప్పు అవ్వా అన్నట్టు పిల్ల ముఖం, పట్టుకో అన్నట్టు ఎంకవ్వ చెప్పిన ఆ తల్లి ముఖం, ఎన్నడూ చూడని ముఖం, బావిలోకి తొంగి చూస్తూ, రెండూ లసుమవ్వ కళ్ల ముందే, మామ ఏమంటాడో, పైన ఉన్నాడు, కండువా దులుపుకుని మనుమరాలు గేటు లోపల ఉంటే పేరు బయట పెట్టుకుని ఏం చేస్తావే అంటాడా, అనే మనిషే, మంచి మనిషే, కాశీరాం, అని గొణిగింది, ఎస్తేరమ్మ చెవి పెట్టింది, వినపడలె అక్కా, కాశీరాం అన్నది లసుమవ్వ, ఈసారి గట్టిగా, నా కొడుకు కాశీరాం.

అవ్వా, నువ్వు నాయిన పేరు చెప్పినవ్, అని భూమిక ఆశ్చర్యంగా చూసింది, ఎవరొచ్చిండ్రు బంగారం అని ఎస్తేరమ్మ రివాజు ప్రకారం అడిగింది, మా అవ్వ అన్నది పిల్ల, అప్పుడు ఆ చిన్న చెయ్యి ఒక చెమట చేతిలోంచి ఇంకో చెమట చేతిలోకి వచ్చింది, పైలం అక్కా, లారీలున్నయ్, అన్నది ఎస్తేరమ్మ, ఏమన్నా అనుకున్నవా అని కూడా అడగలేదు, అప్పటికే తరువాతి పిల్లను పిలుస్తోంది.

రోడ్డు మలుపు దగ్గర లసుమవ్వ ఆగి గేటు వైపు తిరిగి చూసింది, పిల్ల ఏదో చెబుతోంది, బాబురావు మరదలి ఫోన్ ఇప్పుడే వచ్చినట్టుంది, పిల్లవాడి చెయ్యి అతని చేతిలో పెడుతోంది ఎస్తేరమ్మ, తరువాత ఎంకవ్వ మనుమడు, తరువాత కవలలిద్దరూ, ఒక్కొక్కరూ ఒక్కొక్కరే, వరండా ఖాళీ అవుతోంది, పొద్దంతా అన్నం కలిపి పెట్టి, నక్కను కూడా మంచిదాన్ని చేసి కథ చెప్పి, ఈ వేళకు ఒక్కొక్కరినే తీసి ఇచ్చేస్తోంది, తనకంటూ ఒక్కరినీ ఉంచుకోకుండా ఇచ్చేస్తోంది, దేన్ని చూసి ఇన్నాళ్లు కడుపు మండించుకున్నాను, పొద్దుగూకే సరికి ఆమెకు ఒక్కరూ మిగలరు, ఒక్కరూ మిగలకుండా చూసుకోవడమే ఆమె పని, అది అర్థమయ్యాక లసుమవ్వకు నడక తేలికైంది, అంతే బిడ్డా, ఇది మనసులో పెట్టుకో, రేపు నీ పిల్లను ఎవరి చేతిలోనన్నా పెట్టే రోజు వస్తుంది, కడుపులో మంట వస్తుంది, అప్పుడు ఈ మాట తలుచుకో, నీ పక్కన నిలబడ్డ వాళ్లకూ చెప్పు.