ఎర్ర తాళం

"ఉన్నది మనిద్దరమే, ఇంట్లో గడియలెందుకే?" అన్నాడు మా ఆయన ఆంబ్రోస్, తొమ్మిదేళ్ల కిందట స్నానాల గది గడియ ఊడిపోయినప్పుడు. ఇవాళ పొద్దున కూడా నేను లోపల ఉండగానే తలుపు తోసుకొచ్చి ఊలు మేజోళ్ళెక్కడని అడిగాడు. నోట్లో బ్రష్షుతోనే చెప్పాను. అతను పీతల వేట నుంచి నిన్న తిరిగొచ్చాడు. పడవ ఇంకా ఖాళీ కాలేదు. మా ఫ్యాక్టరీ రేవు దగ్గర మరో అయిదు పడవలు వరసలో ఉన్నాయి. అతనికి ఫ్లాస్కులో టీ పోసి, రొట్టెలు చుట్టిచ్చి నా పనికి పరిగెత్తాను.

ఇరవై రెండేళ్లు బెల్టు పక్కన నిలబడి పీతల కాళ్ళు విరిచాక, పోయిన నెల నన్ను పన్నెండుమంది ఆడవాళ్ళకి పెద్దని చేశారు. ఎర్ర తాళం ఒకటిచ్చారు. దాని మీద నా ఫొటో, ఫిలొమినా అని నా పేరు. ఎవరైనా యంత్రంలో చెయ్యి పెట్టాల్సొస్తే ముందు నేను మెయిన్ స్విచ్‌కి ఆ తాళం వెయ్యాలి, మళ్ళీ నేనే తియ్యాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు. "అబ్బో, దొరసానికి తాళాలు కూడానా!" అని నవ్వాడు ఆంబ్రోస్. నేనూ నవ్వాను. తాళంచెవి నా ఒక్కదాని చేతిలోనే ఉన్న వస్తువు నా బతుకులో అదొక్కటే అని అతనికి చెప్పలేదు.

ఏడున్నరకి మా పన్నెండుమందిలో ఒకతె, డల్సీ, కెవ్వుమంది. ఆమె చేతి తొడుగు బెల్టు చివర రోలర్లలో ఇరుక్కుంది. ప్రమాదమొస్తే బెల్టుని ఆపే తాడు లాగింది, బెల్టు ఆగలేదు. నేను పరిగెత్తి స్విచ్ కట్టేసేసరికి చెయ్యి ఎలాగో బయటికి లాక్కుంది. తొడుగు మాత్రం అవతల అప్పడంలా వచ్చిపడింది. డల్సీ వేళ్ళు లెక్కపెట్టుకుంటూ పిచ్చిదానిలా నవ్వుతోంది.

మేనేజరు గార్లండ్ తాడు లాగి చూసి పెదవి విరిచాడు. "కొత్తది శుక్రవారం గానీ రాదు. అందాకా జాగ్రత్తగా ఉండమని మీవాళ్ళకి చెప్పు. ఆరు పడవలున్నాయి, ఫిలీ. బెల్టు తిప్పు."

ఇవాళ మంగళవారం. సరే సార్ అనబోయాను. ఆ మాట నోటికి అంత అలవాటు. కానీ నా చెయ్యి జేబులోకి వెళ్ళింది. స్విచ్‌కి తాళం వేశాను. ఆ టక్కుమన్న చప్పుడుకి అందరికన్నా ముందు నేనే ఉలిక్కిపడ్డాను.

"తియ్యవే అక్కా," అని డల్సీయే బతిమాలింది. "నే చూసుకుని చేస్తాలే. ఈ నాలుగు నెలల పని పోతే చలికాలం పిల్లలకేం పెట్టను?" ఆమె అలా అడిగేసరికి సగం చచ్చాను. అంతలో ఎవరు మోశారో కబురు, ఆంబ్రోస్ బూట్లు తపతపలాడించుకుంటూ వచ్చాడు.

"మతిపోయిందేంటే? పడవలో పీతలు చస్తున్నాయి. ఊళ్ళో నన్ను తలెత్తుకోనిస్తావా? తాళంచెవి ఇటియ్యి." మేజోళ్ళు అడిగినట్టే చెయ్యి చాపాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ చెయ్యి చాపితే ఏదో ఒకటి అందులో పెట్టాను. చెవిని పిడికిట్లో నొక్కిపట్టుకున్నాను.

గార్లండ్ తాళం కొయ్యడానికి పెద్ద ఇనప కత్తెర తెచ్చాడు.

"కొయ్యండి సార్," అన్నాను. "ముందు స్విచ్ పక్కన వేలాడుతున్న ఆ తాళాల పుస్తకంలో మీ పేరు, టైము రాయండి. డల్సీ వేళ్ళకి పూచీ నాదే అని కూడా రాసి సంతకం పెట్టండి."

అతను పుస్తకం వంక చూశాడు, తాళం మీద నా ఫొటో వంక చూశాడు. కత్తెర గోడకి ఆనించి ఫోను తీసుకుని బయటికి నడిచాడు.

శుక్రవారం గానీ రాదన్న తాడు అదే రోజు మూడింటికి వచ్చింది. కొత్త తాడు బిగించాక లాగి చూశాను, మళ్ళీ లాగి చూశాను. అప్పుడు తాళం తీశాను. ఆంబ్రోస్ పడవలో అడుగునున్న పీతలు చచ్చాయి. నా తాళం వల్లే, కాదనను. ఎవరూ నాతో మాట్లాడలేదు. "రేపు ఎనిమిదికి ఆఫీసుకి రా," అని మాత్రం అన్నాడు గార్లండ్. ఆ పిలుపొస్తే పని ఊడినట్టేనని ఊళ్ళో అందరికీ తెలుసు.

ఆంబ్రోస్ నన్ను ఎక్కించుకోకుండానే బండి తోలుకుపోయాడు. నడిచొస్తూ దారిలో ఇనప సామాన్ల కొట్లో ఆగాను. ఇంటికొచ్చి, అతని స్క్రూడ్రైవరే తీసుకుని స్నానాల గది తలుపు దగ్గర కూర్చున్నాను.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు వంటింట్లోంచి.

"గడియ పెడుతున్నా."

"ఇప్పుడెందుకూ?"

ఆఖరి మర బిగించి, లోపలికెళ్ళి గడియ వేసుకుని నేల మీద కూలబడ్డాను. అప్పటిదాకా ఆపుకున్న వణుకంతా ఒక్కసారి వచ్చింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి, ఎవరూ తోసుకురాకుండా, తనివితీరా భయపడ్డాను.