వైసన్ అడిగిన మాటలు

జోంబా పట్నంలో చర్చి వెనక గదిలో ఎలుబీ పంతులమ్మ సాయంత్రాలు పెద్దవాళ్ళకు ఇంగ్లీషు చెప్పేది. గుమాస్తాలు, నర్సులు, పరీక్ష తప్పినవాళ్ళు వచ్చేవారు. పెద్ద మాటలు వస్తే పెద్ద ఉద్యోగం వస్తుందని వాళ్ళ ఆశ. దేశాన్నేలే పార్టీ యువజన దళం కుర్రాడు వైసన్ చేరాక గదిలో నవ్వులు ఆగిపోయాయి. దళం ఎర్రచొక్కాతోనే వచ్చి ముందు బల్ల మీద కూర్చునేవాడు. మనిషి మాత్రం మహా మర్యాదస్తుడు.

ఒక శుక్రవారం క్లాసయ్యాక ఆగిపోయాడు.

"అమ్మా, తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి ఇంగ్లీషులో ఏమంటారు? చిన్న మాటొద్దు, నోరు నిండాలి."

"పెర్ఫిడియస్" అని రాసి చూపించింది. అతని శ్రద్ధకు ఆమెకు ముచ్చటేసింది కూడా.

వారం తిరక్కుండా టీకొట్టు లాస్టన్ భార్య ఎనిఫా బిడ్డను వీపున కట్టుకుని వచ్చింది.

"కొట్లో దేశాధ్యక్షుడు పెద్దాయన ఫోటో మీద ఈగలు వాలితే తోలలేదట, మా ఆయన్ని పట్టుకుపోయారమ్మా. జీపెక్కించేటప్పుడు కాగితం చదివారు. పెర్ఫి... పెర్ఫిడియస్ అని. అదేం జబ్బమ్మా? మందుందా?"

ఆ జబ్బు అంటించింది ఎలుబీయే.

తర్వాతి శుక్రవారం వైసన్ మళ్ళీ ఆగాడు. "సభలో అందరూ చప్పట్లు కొడుతుంటే చేతులు కట్టుక్కూర్చునేవాణ్ణి ఏమంటారమ్మా?"

అది జాగ్రఫీ మాస్టారు డౌసీ అలవాటు. ఊరందరికీ తెలుసు.

"మాగ్నానిమస్" అంది ఎలుబీ. విశాల హృదయుడని దాని అర్థం.

"అబ్బ, ఎంత బరువుందో!" అని మురిసిపోతూ వెళ్ళాడు.

మర్నాడు తెల్లారేసరికి ఆమె డౌసీ గుమ్మంలో ఉంది. "మొదటి బస్సెక్కెయ్యండి మాస్టారూ. ఎక్కడికో నాకు చెప్పకండి."

"మరి నువ్వో, చెల్లీ?"

"నాకు క్లాసుంది."

మరుసటి శుక్రవారం వైసన్ పెదవి వాచి ఉంది. క్లాసు మొదలవకముందే లేచి నిలబడ్డాడు.

"డౌసీ మీద నేను రాసిన కాగితం చదివి మా పైవాళ్ళు పగలబడి నవ్వారమ్మా. తర్వాత నవ్వలేదు." గొంతులో కోపం లేదు. "ఇవాళ అందరి ముందే అడుగుతా. తెలిసి తెలిసీ తప్పు అర్థం చెప్పే పంతులమ్మని ఏమంటారు?"

ఎలుబీకి ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చెప్పినా ఈసారి ఎవరికి ఉపయోగం? నల్లబల్ల వైపు తిరిగి, నిదానంగా, గుండ్రటి అక్షరాలతో రాసింది.

"మెండేషియస్. అబద్ధాలకోరు అని అర్థం. పలకండి."

వైసన్ ఒక్కడే ప్రయత్నించాడు. వాచిన పెదవి సహకరించలేదు. సరిగ్గా వచ్చేదాకా ఆమె పలికించింది. రాసుకున్నదాంట్లో ఒక అక్షరం పోతే దిద్దింది.

"దయుంచండమ్మా" అని తలవంచి బయటికి వెళ్ళాడు.

ఆమె బల్ల తుడిచి ఆనాటి పాఠం మొదలుపెట్టింది. బయట జీపు ఇంజను ఆగకుండా నడుస్తూనే ఉంది. పాఠం అయ్యేదాకా వాళ్ళు లోపలికి రాలేదు.