నూకరత్నం గొంతు

రోజూ పొద్దున్నే తల్లికి చద్దన్నం కలిపి తినిపిస్తూ, ఆ రోజు వేయబోయే నాటకంలో మాటలు గట్టిగా అప్పచెప్పుకునేది నూకరత్నం. సూర్యకాంతమ్మకి చూపు పోయి చాన్నాళ్ళయింది. కూతురి గొంతు వింటేనే ముద్ద దిగేది. బెల్లం మార్కెట్ దాకా వినబడే గొంతు మరి! మైకు పాడైనా అనకాపల్లిలో నూకరత్నం నాటకం ఆగేది కాదు.

అలాంటి మనిషికి సినిమా పిచ్చి పట్టింది. 2004లో హీరో అక్క వేషం దొరికింది. షూటింగ్ అయ్యాక, "మీ యాస పనికిరాదమ్మా, వేరే అమ్మాయితో డబ్బింగ్ చెప్పిస్తాం" అన్నారు. బొమ్మ పడితే చాలని ఈ వెర్రిబాగుల్ది తలూపి వచ్చేసింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సినిమా విడుదలైన రోజు మార్నింగ్ షో చూసి బయటికొచ్చి రిక్షా సత్తియ్యని పిలిచింది. నోట్లోంచి తెర మీది గొంతే వచ్చింది. సన్నగా, తియ్యగా, ఎక్కడా మన ఊరి వాసన లేకుండా.

"డబ్బింగ్ సెప్పించేరేటమ్మా? పోన్లెండి, ఎక్కండి" అన్నాడు సత్తియ్య.

నూకాలమ్మ జాతరకి నాటకం ఒప్పుకున్న సింహాచలం మాత్రం తల పట్టుకున్నాడు. "నానేటి సెయ్యను రత్నం? ఈ గొంతుతో రాణి యేసం కడితే జనం రాళ్ళిసుర్తారు." వేషం ఇంకొకామెకి వెళ్ళింది. సినిమా వాళ్ళు మళ్ళీ పిలవలేదు. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది. వారం ఆడి సినిమా కూడా ఎత్తేశారు గానీ, గొంతు మాత్రం తిరిగి రాలేదు.

అదంతా పోతే పోనీ, ఇంట్లో సంగతి చూడండి.

"అమ్మా, నేనే" అంటూ ముద్ద పెట్టబోతే, సూర్యకాంతమ్మ చెయ్యి తోసేసింది.

"ఎవులమ్మా నువ్వు? మా పిల్లేది?"

నూకరత్నం తల్లి చేతులు తీసుకుని తన చెంపలకి ఆనించుకుంది.

"మొకానిదేటుంది, రంగేసి ఎవులి మొకమైనా తెత్తారు. మా రత్నం గొంతు నాకు తెల్దా?" అని అటు తిరిగి పడుకుంది ముసలావిడ.

ఆ పూట నుంచి తిండి మానేసింది. కూతురొస్తేగానీ ముట్టనంది. ఇరుగుపొరుగు చెప్పి చూశారు, వినలేదు. మనిషి మంచానికి అతుక్కుపోయింది. చచ్చిపోతుందని నూకరత్నానికి అర్థమైపోయింది.

ఓ మధ్యాహ్నం కంచం పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. ఆ పరాయి గొంతుతోనే మొదలెట్టింది.

"రత్నంగారు షూటింగ్‌కి వెళ్ళారండీ. వచ్చేదాకా మిమ్మల్ని చూసుకోమని నన్ను పెట్టారు."

ముసలావిడ ఇటు తిరిగింది. "అలా సెప్పవేటే మరి! పెద్ద సినిమాయేటి?"

"చాలా పెద్దదండీ."

"నీ పేరేటమ్మా?"

నోటికొచ్చిన పేరు చెప్పేసింది. "సోనీ."

సూర్యకాంతమ్మ నోరు తెరిచింది. ముద్ద దిగింది.

"మంచిదానివే సోనీ. మా రత్నం వచ్చినాక నీకో సీర ఎట్టమంతాను."

"అలాగేనమ్మగారూ" అంది నూకరత్నం, ఇంకో ముద్ద కలుపుతూ.