ఎర్రదారం చుట్టిన పుల్ల

నేను ఒక మైనం చెక్కే పుల్లను. జానెడు పొడవు, ఒక కొసన వడ్లగింజంత మొన, నడుముకు ఎర్రదారం. ఏ నగనైనా బంగారంలోనో గిల్టులోనో పోత పోసే ముందు మైనంలో చెక్కుకుంటారు. ఆ చెక్కడం నా పని. ఇంత పదునైనదానికి భయమేమిటని మీకు నవ్వు రావచ్చు. నవ్వండి. నేను పుట్టు పిరికిదాన్ని. ఆ సంగతి మొదటే ఒప్పుకుంటే నాకు మనసు కాస్త తేలికపడుతుంది.

అసలు నేను సైకిల్ చక్రంలో పుల్లను. రోడ్డు మీది గుంటలకు హడలిపోతూ బతికాను. చక్రం వంకరపోయాక, బందరులో నగల అచ్చులు చెక్కే కొమ్మోజు వీరభద్రాచారి గారు రిపేరు షాపు ముందు నన్ను ఏరుకున్నారు. కొలిమిలో ఎర్రగా కాల్చారు. సుత్తితో మొన సాగగొట్టారు. నూనెలో ముంచి, సానరాయి మీద పెట్టారు. ఆ సానరాయి చప్పుడు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఇన్ని చిత్రహింసలూ ఒక్క పూటలో పెట్టి, "బాగా కుదిరావే" అని మెచ్చుకున్నారు. మనుషులు మెచ్చుకునే తీరు ఇదే కాబోలనుకున్నాను.

పాతికేళ్లు ఆయన వేళ్ల మధ్యే ఉన్నాను. లక్ష్మీదేవి పతకానికి కళ్లు చివర పెట్టడం ఆయన ఆనవాయితీ. కిరీటం, చేతులు, తామరపువ్వు శిష్యులు చెక్కినా కళ్లు మాత్రం ఆయనే పెట్టాలి, అదీ నాతోనే. ఊపిరి బిగబట్టి రెండు గీతలు గీసేవారు. అంతవరకూ మైనం ముద్దగా ఉన్నది మనల్ని చూడడం మొదలుపెట్టేది.

ఒకనాడు ఆయన చేతిలో చిన్న వణుకు తగిలింది. ఇంట్లోవాళ్లకన్నా, షావుకార్లకన్నా ముందు అది నాకే తెలిసింది. చలేమో అని సర్దిచెప్పుకున్నాను గాని, బందరులో మే నెలలో చలేమిటి? మర్నాడు ఆయన ఎర్రదారం తెచ్చి నా నడుముకు చుట్టారు. పిడి లావైతే పట్టు దొరుకుతుందని ఆయన ఆశ. వారం తిరిగేసరికి ఇంకో వరస పడింది. శిష్యులు వింతగా చూస్తుంటే దాన్నే పాఠంగా మార్చేశారు.

"కొత్తగా నేర్చుకునేవాళ్లు సన్న పిడి జోలికి పోకండి. లావుపాటిది చూసుకోండి, లేకపోతే ఇలా దారం చుట్టుకోండి. పన్నెండు పుల్లల పెట్టెలు కూడా దండగ. కోసేదొకటి, తవ్వేదొకటి, గీరేదొకటి, మూడు చాలు."

శిష్యులు బుద్ధిగా రాసుకున్నారు. పాఠం మంచిదే. కాని అది ఆయన భయంలోంచి పుట్టిందని ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. చెయ్యి పోయిందని బయటపడితే ఆయనకు పని రాదు, పాతికేళ్ల పేరు పోతుంది, ఆ వెనకే నేనూ తుక్కులోకి పోతాను. ఆ రోజు నుంచీ నాకు మనశ్శాంతి లేదు.

శిష్యుల్లో రిహానా ఒకావిడ. పెళ్లికూతుళ్లకు కోన్‌తో గోరింటాకు పెట్టి పెట్టి చెయ్యి తిరిగిన మనిషి. లావు పిడి ఆవిడకు మొదటి రోజే అలవాటైంది.

శ్రావణమాసానికి లక్ష్మి పతకం అచ్చు కావాలని ఒక షావుకారు అడిగాడు. సాయంత్రం వచ్చి పట్టుకెళ్తానన్నాడు. మధ్యాహ్నానికి కళ్లు తప్ప అన్నీ అయ్యాయి. ఆచారిగారు నన్ను తీసుకున్నారు. వణుకు నా మొన దాకా వచ్చేసింది. వద్దని అరుద్దామంటే నాకు నోరేదీ? ఎడమ కన్ను దగ్గర జారాను. అమ్మవారి చెంప మీద గాటు పడింది.

"పాడు పుల్ల. అరిగి చచ్చింది. తుక్కులో పడెయ్యాలి దీన్ని." నన్ను నేలకేసి కొట్టారు.

నాకు కోపం రాలేదు. ఆయన గొంతు విని ఇంకా భయం వేసింది.

రిహానా వంగి నన్ను తీసింది. "పుల్ల బాగానే ఉంది మాస్టారూ. నేనే చూసుకోకుండా బల్లకి తగిలాను."

ఆవిడ నిలబడ్డ చోటికీ బల్లకీ మధ్య ఒక మనిషి పడుకునేంత దూరం ఉంది. ఆచారిగారు ఆ దూరం వంక చూశారు, ఆవిడ ముఖం వంక చూశారు. తర్వాత మెల్లగా కుడిచేతిని కండువా కింద దాచుకున్నారు.

"అయితే నువ్వే సరిచెయ్యి. కళ్లు కూడా నువ్వే పెట్టు."

"నేనా?"

"ఇంకెవరున్నారమ్మా."

వేడి మైనపు బొట్టుతో గాటు పూడ్చి, చల్లారాక రిహానా నన్ను పట్టుకుంది. ఆవిడ చెయ్యీ వణికింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అయితే రెండు ఊపిరులు తీసేలోగా ఆ వణుకు సర్దుకుంది. భయంతో వచ్చే వణుకు దానంతటదే పోతుంది. ఆచారిగారిది పోయే రకం కాదని అప్పుడు నాకు ఖాయంగా తెలిసి ఏడుపొచ్చింది. రిహానా రెండు గీతలు గీసింది. సాయంత్రం షావుకారు అచ్చు చూసి, "మీ చెయ్యి మీ చెయ్యేనండీ ఆచారిగారూ" అని పట్టుకెళ్లాడు. రిహానా బల్ల మీది మైనం తురుము ఊడ్చుకుంటూ ఉంది.

ఇది జరిగి నాలుగేళ్లు. ఇప్పుడు పాఠం చెప్పేది రిహానా. ఆచారిగారు గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుంటారు, చెయ్యి కండువా కిందే. ఆయన శిష్యులు ఏ పని పట్టినా ముందు పుల్లకు ఎర్రదారం చుడతారు. అదేదో పెద్దల నాటి ఆచారమని వాళ్ల నమ్మకం. ఒకాయనైతే పసుపు కూడా రాస్తాడు.

మొన్న సుగుణ అనే ఆవిడ కుట్టుపని మానుకుని నేర్చుకోవడానికి వచ్చింది. వెంట పన్నెండు పుల్లల కొత్త పెట్టె. రిహానా అందులోంచి మూడు ఏరి, దారపు ఉండ ముందు పెట్టింది.

"ఈ దారం ఎవరు పెట్టిన పద్ధతండీ?" అని సుగుణ అడిగింది.

"మా మాస్టారు."

"అంత చెయ్యి తిరిగినాయనకి దారం ఎందుకు కావలసొచ్చింది?"

గాజుగ్లాసులో నిలబడి ఉన్న నేను బిగుసుకుపోయాను. కుర్చీలో ఆచారిగారు తల దించుకున్నారు. రిహానా ఒక్క మాట జారితే ఇన్నేళ్లు దాచింది బజారున పడుతుంది.

"మా చేతులు వణుకుతాయని ఆయనకి భయం," అంది రిహానా. "మాకోసం చుట్టారు."

సుగుణ తలూపి దారం అందుకుంది. చుట్లు వదులుగా పడుతున్నాయి. వెనక కుర్చీ కిర్రుమంది. ఆచారిగారు లేచి బల్ల దగ్గరకు వచ్చారు. కండువా కిందనుంచి కుడిచేతిని బయటికి తీసి, అందరి ముందూ చాచారు. అది వణుకుతూనే ఉంది.

"వదులైందమ్మా," అన్నారు. "ఇలా ఇవ్వు, నేను చుడతాను."