పోయాడన్న మాట

మానవ హక్కుల సంఘం విచారణ గదిలో పెద్దావిడ పక్కనే దుబాసీ కూర్చుంది. పెద్దావిడ కొడుకుని కిందటేడు పోలీసులు పట్టుకెళ్ళారు. అప్పట్నించి అయిపూ అజా లేదు. వాణ్ణి వెతికించమని అడగడానికి వచ్చింది. సంఘం వాళ్ళ భాష ఆవిడకి రాదు, ఆవిడ భాష వాళ్ళకి రాదు. ఇద్దరికీ నోరు దుబాసీయే.

అధ్యక్షుడు జీవించే హక్కు గురించి ఊపిరి తిప్పుకోకుండా దంచేశాడు.

"ఏమంటున్నాడు తల్లీ?"

"బతికే హక్కు అందరికీ ఉందట, పెద్దమ్మా."

"ఆ ముక్క మావాణ్ణి ఈడ్చుకెళ్ళేటప్పుడు చెప్పుంటే బాగుండేది."

దుబాసీ నవ్వు ఆపుకుంది. ఆ మాట మాత్రం మైకులో చెప్పలేదు. అసలు ఆ రోజు ఏం జరిగిందని అధ్యక్షుడు అడిగాడు.

"ఏముంది తల్లీ, అన్నం ముందు కూర్చున్నాడు. వాళ్ళొచ్చారు. చెయ్యైనా కడుక్కోనివ్వలేదు. మావాడు పోయాడు."

చనిపోయాడని చెప్పేసింది దుబాసీ. గడప దాటినా పోయాడే, ప్రాణం విడిచినా పోయాడే. మన భాషకి ఆ పిసినారితనం ఉంది. దుబాసీకి అది తెలియదని కాదు. ఇలాంటి తల్లుల మాటలు మోసీ మోసీ, ఆమె చెవికి కొడుకులందరూ చచ్చినవాళ్ళే అయిపోయారు.

అధ్యక్షుడు కలం పెట్టేసి లేచాడు. సభ్యులంతా లేచి తలలు వంచారు. చచ్చినవాళ్ళకి మర్యాద చెయ్యడం వాళ్ళకి కొట్టిన పిండి, బతికున్నవాణ్ణి వెతకడం దగ్గరే చేతులు రావు. ఏమీ అర్థంకాక పెద్దావిడ కూడా లేచి నిలబడింది.

తన తప్పు దుబాసీకి అప్పుడు తెలిసింది. "పొరపాటు నాదండీ! ఆవిడ చనిపోయాడనలేదు, వెళ్ళిపోయాడంది," అని మైకులో గబగబా చెప్పింది. అందరూ కాస్త సిగ్గుపడి కూర్చున్నారు. వెతికిస్తామని చెప్పమన్నాడు అధ్యక్షుడు.

పెద్దావిడ మాత్రం కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడింది.

"మీకెప్పుడు కబురొచ్చింది తల్లీ?"

"కబురేం లేదు పెద్దమ్మా! మీరు పోయాడంటే నేనే తప్పుగా చెప్పాను. ఒట్టు. వెతికిస్తామంటున్నారు."

"నన్ను మభ్యపెట్టకమ్మా. బతికున్నాడని మొత్తుకుంటూ ఎన్ని గుమ్మాలెక్కానో, ఒక్కడూ కుర్చీలోంచి కదల్లేదు. ఇంతమంది పెద్దవాళ్ళు ఊరికే లేస్తారా?"

దుబాసీకి తన చేతులతో తనే ఆవిడ కొడుకుని చంపేసినట్టయింది.

ఆవిడ ఏమంటోందని అధ్యక్షుడు అడిగాడు.

"వెతకొద్దని చెప్పు," అంది పెద్దావిడ. "ఎక్కడ పూడ్చారో అదొక్కటి అడుగు."