గేటు ముందు కుర్చీ

నేను ఒక చేయి విరిగిన ప్లాస్టిక్ కుర్చీని. పుట్టింది ఫ్యాక్టరీ అచ్చులో, పెరిగింది షామియానా దుకాణంలో. పెళ్ళిళ్ళలో బావగార్ల బరువులూ, సభల్లో ఉపన్యాసాలూ ఓపిగ్గా మోశాను. ఒక బారసాలలో చేయి విరగ్గానే దుకాణంవాడు నన్ను పాత సామాన్లలోకి విసిరాడు. అక్కణ్ణుంచి సూర్యప్రకాశం గారు ఇంటికి తెచ్చుకున్నారు.

ఆయన నాకిచ్చిన ఉద్యోగం వేరు. పొద్దున్నే కొడుకు ఆఫీసుకు కారు తీయగానే, గేటు ముందు రోడ్డు మీద, పక్కింటి గేటు వైపుగా నన్ను వేసేవారు. సాయంత్రం కారు వచ్చేదాకా ఆ చోటు ఆయనదే. మా వీధిలో ఇది అందరూ ఒప్పుకున్న చట్టం. ఒకరు పగిలిన రుబ్బురోలు పెడితే, ఇంకొకరు పూలకుండీ పెట్టేవారు. సర్కారు రోడ్డుకు మాకంటే చవకైన కాపలా ఎక్కడా దొరకదు.

పక్కింటి దేవసహాయానికి పక్షవాతం వచ్చింది. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళాలి. ఆటో ఆగడానికి చోటు లేక, భార్య కరుణమ్మ ఆయన్ని భుజానికి ఆనించుకుని వీధి చివరిదాకా నడిపించేది. ఒకసారి దారిలో ఆయన పడిపోయాడు కూడా. రెండు గేట్ల మధ్యనున్న ఆ చోటు కాసేపు వదలమని ఆమె అడిగితే, వదిలితే ఎవరో ఒకరు కారు పెట్టేస్తారని సూర్యప్రకాశం గారు చాలా మర్యాదగా చెప్పారు. ఆ మర్యాదకు నాకు ఒళ్ళు మండింది.

ఇంతలో మునిసిపాలిటీ వాళ్ళు తెల్లగీతలు గీసి, రోడ్డు మీద బండి పెట్టుకునే ఇంటివాళ్ళు నెలనెలా రుసుం కట్టాలన్నారు. కట్టినవాళ్ళకే చోటు. వీధంతా భగ్గుమంది. సూర్యప్రకాశం గారు ఇల్లిల్లూ తిరిగి, ఒక్కరూ కట్టకూడదని మాట తీసుకున్నారు. కారు లేని ఇల్లు కదా అని పక్కింటి గేటు మాత్రం తట్టలేదు.

ఒక సాయంత్రం మునిసిపాలిటీ మనిషి వచ్చి నన్ను పక్కకు జరిపాడు. ఈ చోటుకు కరుణమ్మ కట్టిందనీ, తమను తీసుకెళ్ళే ఆటో నంబరు రాయించిందనీ చెప్పాడు.

సూర్యప్రకాశం గారు తెల్లబోయారు. "నీకు కారే లేదు కదమ్మా?"

"కారు లేదండీ. మా ఆయనున్నాడు," అంది కరుణమ్మ.

ఆటో ఇంకా రాలేదు. గేటు పట్టుకుని నిలబడ్డ దేవసహాయం కాళ్ళు వణుకుతున్నాయి. సూర్యప్రకాశం గారు నన్ను ఎత్తి, దుమ్ము దులిపి, గీతల మధ్య వేశారు.

"కూర్చోవయ్యా, ఆటో వచ్చేదాకా."

దేవసహాయం మెల్లగా కూర్చున్నాడు. మనిషి బరువు తగిలి ఎన్నాళ్ళయిందో, నాకు ప్రాణం లేచి వచ్చింది.

సూర్యప్రకాశం గారు మా ముందు రోడ్డు మీద నిలబడి, అటు వచ్చిన కార్లను చేత్తో పక్కకు పంపించారు. అందులో మొదటిది ఆయన కొడుకుది.